కొలాజెన్ డబ్బా మీద నేనంటించిన స్టిక్కర్

ఫార్మసీ చదివి ఈమధ్యే కౌంటర్ వెనక నిలబడిన ఆడపిల్లలు అప్పుడప్పుడు నాకు ఫోన్ చేస్తుంటారు. నేను పనిచేసిన షాపులోనే ఇప్పుడు ఇద్దరున్నారు. వాళ్ల ప్రశ్నల్లో మాటిమాటికీ వచ్చేది ఒకటే. "మేడమ్, కొలాజెన్ పొడి గురించి అడుగుతాండారు. పని చేస్తాదని చెప్పల్నా, చేయదని చెప్పల్నా?"

ఆ రెండూ తర్వాత చెప్పొచ్చు, ముందు ఎదురుగా నిలబడింది ఎవరో చూడండి అంటాను. ఈమెకు వయసు మీద పడి ఏదో మాట్లాడుతోంది అనుకుని ఫోన్ పెట్టేస్తారు. నాకు యాభై మూడే. అందుకని ఆ జవాబు నాకెట్లా తెలిసొచ్చిందో ఒకసారి మొదట్నుంచీ రాస్తున్నా. ఇందులో నేను గొప్పగా కనిపించే చోటు ఒక్కటీ లేదు, వెతుక్కోవద్దు.

ఫార్మసిస్టు పనంటే చదువుతో చేసే పని అనుకుంటారు అందరూ. కాదు, కాళ్లతో చేసే పని. జమ్మలమడుగులో ఒక నర్సింగ్ హోం మందుల షాపులో ఆరేళ్లు, ప్రొద్దుటూరులో పద్దెనిమిదేళ్లు, మొత్తం ఇరవై నాలుగేళ్లు నిలబడ్డాను. చివరికి మోకాళ్లు రాజీనామా ఇచ్చాయి. వాటి వెనకాల నేనూ ఇచ్చాను.

జమ్మలమడుగులో నాకు పని నేర్పిన సీనియర్ అక్క ఒకామె ఉండేది. మందు ఇచ్చేటప్పుడు చిన్న తెల్ల కాగితం ముక్క మీద సూర్యుడు, అన్నం పళ్లెం, చంద్రుడు గీసి, ఎప్పుడు వేసుకోవాలో దాని కింద టిక్కు కొట్టి, డబ్బాకు అంటించేది. "మనం నోటితో చెప్పింది వాళ్లు మెట్లు దిగేలోపల మర్చిపోతారు పాపా. బొమ్మను మర్చిపోరు" అనేది. ఒకే ఒక్క నియమం పెట్టింది. స్టిక్కర్ మందు పేరు మీద పడకూడదు, తేదీ మీద పడకూడదు, ధర మీద పడకూడదు. ఖాళీగా ఉన్న మూల చూసి అంటించాలి.

ప్రొద్దుటూరు వచ్చాక ఆ బొమ్మల్ని నేను ప్రెస్సులో అచ్చు వేయించాను. షాపుకు దాంతోనే పేరొచ్చింది. చదువు రాని ముసలివాళ్లు మైదుకూరు నుంచి, చాపాడు నుంచి బస్సు దిగి "సూర్యుడి బొమ్మ అంటిస్తారే, ఆ షాపు యాడుండాది?" అని అడుక్కుంటూ వచ్చేవాళ్లు. నాకు అదొక గర్వం. ఆ గర్వం సైజు రెండంగుళాలు, పొడవుగా ఉండేది, వెనక జిగురుండేది.

షాపులో నాకు ఇద్దరు మనుషులతో లెక్క. ఒకరు ఓనరు. ఆయనకు మందుల గురించి తెలిసింది తక్కువ, మనుషుల గురించి తెలిసింది శానా ఎక్కువ. రెండోది భాయ్. సేల్స్‌మన్. ముప్పై ఏళ్లుగా అదే షాపు. డిగ్రీ లేదు గానీ, డాక్టరు రాత చూసి మందు పేరు చెప్పడమే కాదు, ఆ పూట ఆ డాక్టరు ఇంట్లో గొడవ పడి వచ్చాడా లేదా కూడా చెప్పేవాడు.

ఇక కొలాజెన్. కడప నుంచి వచ్చే రెప్రజెంటేటివ్ ఒక రోజు నున్నటి డబ్బాలు కౌంటర్ మీద పేర్చాడు. చర్మం బిగుతవుతుంది, జుట్టు ఒత్తవుతుంది, కీళ్ల నొప్పి వదులుతుంది అని చెప్పి, నిదర్శనంగా తన ముఖమే చూపించాడు. ఆ ముఖంలోని నునుపు కొలాజెన్‌ది కాదు, ఇరవై ఆరేళ్ల వయసుది. అదే అన్నాను. నవ్వాడు గానీ మనసులో రాసుకున్నాడు.

డబ్బాలు మాత్రం అమ్ముడుపోయేవి. ఫోన్లో వీడియోలు చూసి వచ్చేవాళ్లు. అడిగిన ప్రతి ఒక్కరికీ నేను పాఠం చెప్పేదాన్ని. కొలాజెన్ అనేది మన చర్మాన్నీ ఎముకనూ కీళ్లనూ పట్టి ఉంచే ఒక రకం ప్రోటీన్. పొడి చేసి తాగితే కడుపు దాన్ని తుంచి ముక్కలు చేస్తుంది. నువ్వు మోకాలికి పో, నువ్వు చెంపకు పో అని ఆ ముక్కల మీద అడ్రసు రాసుండదు. పప్పు తిన్నా, గుడ్డు తిన్నా, అందులో నుంచి ఒళ్లు తనకు కావలసింది తనే కట్టుకుంటుంది. కొందరికి నొప్పి కాస్త తగ్గిందనీ, చర్మం కాస్త తేమగా అయిందనీ చెప్పే పరీక్షలు ఉన్నాయి, లేవనను. వాటిలో చాలావాటికి ఖర్చు పెట్టింది అమ్మేవాళ్లే. అంతమాత్రాన అబద్ధం అనలేం, సంతోషపడేముందు కాసేపు ఆగమంటున్నా. ఒకటి మాత్రం ఖాయం. అది మందు కాదు. ఫుడ్ సప్లిమెంటు. పాలపొడికి అన్న లాంటిది.

ఈ చివరి మాట దగ్గర గొంతు పెంచేదాన్ని. ఓనరు తల పట్టుకునేవాడు. "మందుల షాపులో నిలబడుకోని మందు కాదు, మందు కాదు అని అరిస్తే ఎట్లమ్మా? గుళ్లో నిలబడి దేవుడు లేడన్నట్టుండాది."

"మందు కానిదాన్ని కాదంటాండా సార్. అయినవాటిని కాదన్నానా?"

కావాలంటే మా అమ్మను చూడండి అని కూడా చెప్పేదాన్ని. పులివెందుల దగ్గర చీనీ బత్తాయి తోటలో ఉంటుంది. గొర్రెలు, మేకలు, జీవాలు పెంచిన ఇల్లు మాది. వారానికొకసారి పొట్టేలు కాళ్లు తెచ్చి, జిగట తేలేదాకా ఉడికించి, గిన్నెడు పాయా తాగుతుంది. డబ్బాలో ఉండేదంతా ఆ గిన్నెలోనే ఉంది. అయినా ఆమె మోకాళ్లు కూడా నా మోకాళ్ల లాంటివే. లేచేటప్పుడు ఇద్దరం ఒకే రాగం తీస్తాం.

ఇట్లాంటి రోజుల్లో నగల అంగడి అవ్వ వచ్చింది.

బజారు వీధిలో పాత నగల అంగడి ఉన్న శెట్టిగారి భార్య. అరవై ఎనిమిదేళ్లు. షుగరు, బీపీ, మోకాళ్లు. ఆ ఇంటి మందులన్నీ మా దగ్గరే. వాళ్లింట్లో గుడ్డు గడప దాటి లోపలికి రాదు. దసరా తొమ్మిది రోజులు ఉల్లిపాయ కూడా రాదు. కోడలి చెయ్యి పట్టుకుని మెట్లెక్కి, కౌంటర్‌కు ఆనుకుని నిలబడింది.

"ఏం పాపా, ఈ పొడి తాగితే మోకాళ్లు నిమ్మళం అయితాయంట గదా? మా కోడలు ఫోన్లో చూపించింది."

"ఎందుకవ్వా అంత తొందర?"

"దసరా వస్తాండాది గదనే. మొదటి దినం పొద్దున కలశాలెత్తుకోని గుడికి పోతాం గదా. పెండ్లయి ఈ ఊరొచ్చినప్పట్నుంచి ఒక్క యేడు తప్పలేదు నేను. పోయిన దసరాకు మిద్దె మీద కుర్చీ ఏసి కూచోబెట్టినారు. నా కలశం ఇదో, ఈమె ఎత్తుకోని పోతాంటే పైనుంచి చూసినా." కోడలు నేలకేసి చూసింది. "ఈసారి నేనే ఎత్తల్ల. ఎత్తకుంటే ఇంగ ఎప్పుడూ ఎత్తను, నాకు తెలుసు."

నేను పాఠం మొదలుపెట్టాను. కడుపు ముక్కలు చేయడం, అడ్రసు లేకపోవడం, పరీక్షలు, ఖర్చు, పాలపొడి. ఇరవై నిమిషాలు. వెనక క్యూ పెరిగింది. భాయ్ రెండుసార్లు దగ్గాడు. అవ్వ కదలకుండా అంతా విని, చెయ్యి చాపింది.

"ఇంగ ఇచ్చెయ్."

"నేను వద్దంటాండానవ్వా!"

"నువ్వు వద్దంటాండావు గాబట్టే నాకు నమ్మకం కుదిరింది. వేరే వాడైతే ఈపాటికి సంచిలో ఏస్తాండె."

వాదనలో నన్ను ఓడించినవాళ్లు తక్కువ. నా వాదనతోనే నన్ను ఓడించింది ఆమె ఒక్కతే. సరే, ఇస్తాను గానీ ఒక షరతు అన్నాను. పొడి తాగిన గంటకు వీధి చివరి దాకా నడిచి రావాల. వారం తర్వాత ఇంకో వీధి. రోజూ కుర్చీలోంచి చేతులానించకుండా పది సార్లు లేచి కూర్చోవాల. అట్లా చేయకపోతే పొడి ఒంటికి పట్టదు.

ఆ ఆఖరి మాట అబద్ధం. పొడికీ నడకకూ అట్లాంటి ఒప్పందం ఏమీ లేదు. ఉత్తగా నడవమంటే ఎవరూ నడవరు, డబ్బాతో కలిపి చెబితే నడుస్తారు. అది నా తెలివి అనుకున్నా. డబ్బా మీద ఖాళీ మూల చూసి స్టిక్కర్ అంటించి, సూర్యుడి కింద టిక్కు కొట్టి ఇచ్చాను.

ఇరవై నిమిషాల్లో నేను చెప్పనిది ఒకటే ఒకటి ఉంది. అది మీరు ఈపాటికి పట్టేసుంటారు. నేను నాలుగు నెలల తర్వాత పట్టుకున్నా.

ఆ నాలుగు నెలల్లో అవ్వ మొదట వీధి చివరిదాకా, తర్వాత చౌరస్తా దాకా, తర్వాత మా షాపు దాకా ఒంటరిగా నడిచి రావడం మొదలుపెట్టింది. ఒంట్లో బరువు తగ్గింది. షుగరు దిగింది. మెట్ల మీద ఎవరి చెయ్యీ పట్టుకోవడం లేదు. "చూస్తివా, పొడి మహిమ" అనేది. "నడక మహిమ" అనేదాన్ని నేను. రెండూ ఒకే రోజు మొదలుపెట్టించింది నేనే కాబట్టి, దేనివల్లో తేల్చే దారి లేకుండా చేసిందీ నేనే. సైన్సు చదివిన మనిషి చేయాల్సిన పని కాదది.

దసరాకు పన్నెండు రోజులుందనగా, కొత్త షుగరు మిషను వాడడం కోడలికి నేర్పమని అవ్వ కబురంపింది. పొద్దున్నే షాపుకు పోతూ పోతూ వాళ్లింటికి వెళ్లాను. కోడలి వేలికి సూది గుచ్చి చూపించాను, కాఫీ తాగాను. "రా పాపా, మా దేవునింట్లో దండం పెట్టుకోనిపో" అంది అవ్వ.

చెప్పులు విడిచి గుమ్మం దగ్గర నిలబడి చేతులు జోడించాను. దీపాలు, పటాలు, పసుపు గిన్నె. పక్కనే తెల్లగా కడిగి తుడిచిన ప్లాస్టిక్ డబ్బా. నిండా కుంకుమ. ఎక్కడో చూసినట్టుందే అనుకున్నా. మూత గట్టిది, పురుగు పట్టదు, అందుకని వాడుకుంటున్నారు. మన ఇళ్లల్లో మంచి డబ్బాను ఎవరు పారేస్తారు? కడగడంలో నా స్టిక్కర్ ఊడిపోయింది. ఊడిన చోట, అమ్మవారి పటానికి జానెడు దూరంలో, చిన్న చదరం. ఆ చదరంలో గోధుమరంగు త్రికోణం.

మాంసాహారం గుర్తు.

మా సీనియర్ అక్క పేరు మీద అంటించొద్దంది, తేదీ మీద వద్దంది, ధర మీద వద్దంది. నేను అక్షరాలా పాటించాను. ఖాళీగా కనిపించిన ఆ మూలలో, నాలుగు నెలలుగా, ప్రతి డబ్బాకూ, గుర్తు కనబడకుండా సూర్యుణ్ణి అంటిస్తూ వచ్చాను. షాపుకు పోయి రాక్‌లో ఉన్న కొలాజెన్ డబ్బా తిప్పి చూస్తే సన్నటి అక్షరాల్లో ఉంది. సముద్రపు చేపల తోలు నుంచి తీసింది. అది నాకు తెలియదా? కొలాజెన్ జంతువుల నుంచే వస్తుందని ఫార్మసీ పిల్లలకు మొదటి ఏడాదిలోనే తెలుస్తుంది. పని చేస్తుందా లేదా అని వాదించడంలో పడి, ఎవరితో వాదిస్తున్నానో చూడలేదు.

ఓనరుతో చెప్పాను. ఆయన కుర్చీలో వెనక్కి వాలి, ఫ్యాన్ కేసి చూశాడు.

"ఎవరికన్నా చెప్పినావా?"

"మీకే."

"నాకు కూడా చెప్పనట్టే ఉండు. పండగ అయిపోనీ. ఆయమ్మ కలశం ఎత్తుకోనీ. తెలియకపోతే ఆమెకు పాపం లేదు, మనకు తలనొప్పి లేదు."

"రేపు ఇంట్లో ఎవరన్నా ఆ గుర్తు చూస్తే?"

"చూస్తే, మందు అని చెప్పు. మందుకైతే వాళ్లల్లో పట్టింపు ఉండదు. ఒక్క మాట. ఏంది, నోరు రాదా?"

నాలుగు నెలలుగా, క్యూలో నిలబడిన ప్రొద్దుటూరు మొత్తానికీ గొంతు పెంచి మందు కాదు అని చెప్పిన మనిషిని. ఇప్పుడు ఒక్కసారి మందు అంటే అందరికీ నిమ్మళం.

భాయ్ అంతసేపూ ఇన్సులిన్ ఫ్రిజ్జులో సర్దుతూ ఉన్నాడు. తలుపు మూసి ఇటు తిరిగాడు.

"మేడమ్, మా ఇంటామెకు అప్పుడు క్యాప్సూల్ రాసినారు, గుర్తుందా? దాని పైపొర ఏ జంతువుతో చేస్తారని నేనడిగినా. నువ్వు కంపెనీకి ఫోన్ చేసి కనుక్కోని, డాక్టర్ దగ్గరికి పోయి మాత్ర మార్పించుకొస్తివి."

"గుర్తుంది."

"మేం తినేదేందో మాకు తెలియల్ల అని నీకనిపించింది గదా. ఆయమ్మకు తెలియనక్కర్లేదా? ఆమె ఎత్తాల్నా వద్దా అనేది ఆమె చూసుకుంటాది. మనం యాడ చూస్తాం దాన్ని?"

"నువ్వుండప్పా!" అన్నాడు ఓనరు. "రేపు ఆ ఇల్లు పక్కషాపుకు పోతే నువ్వు తెస్తావా వాపస్?"

భాయ్ నావైపు చూశాడంతే. నా మీద అరిచేవాళ్లతో నాకు ఇబ్బంది లేదు. ఊరికే చూసేవాళ్లతోనే కష్టం.

మరుసటి రోజు పొద్దున వెళ్లాను. అవ్వ పెరట్లో పీట వేసుకుని కూర్చుని, చింతపండుతో రాగి కలశం తోముతోంది. పన్నెండు నెలల మరక వదిలి ఎర్రగా మెరుస్తోంది. కోడలు పక్కనే పూలు కడుతోంది.

"అవ్వా, ఆ పొడి గురించి ఒక మాట చెప్పల్ల."

"మూత తీయని డబ్బాలు ఇంకా రెండు ఉండాయిలే, ఇప్పుడే వద్దు."

"అది చేప తోలుతో చేస్తారవ్వా. నేను నీకు చెప్పలేదు. గుర్తు మీద నేనే స్టిక్కర్ అంటించినా. తప్పు నాదే."

చింతపండు చెయ్యి ఆగింది. కోడలు పూలు వదిలేసి దేవునింట్లోకి పరిగెత్తింది. చీర కొంగుతో డబ్బాను పట్టుకుని బయటికొచ్చి, పెరటి నడుమ నిలబడిపోయింది. డబ్బాను ఇంట్లో పెట్టలేదు, లోపలుండే కుంకుమను బయట పారెయ్యలేదు. అటు రెండడుగులు వేసింది, ఇటు రెండడుగులు వేసింది.

"కుంకుమ ఏం పాపం జేసిందే, పళ్లెంలో పొయ్యి!" అని కసిరింది అవ్వ. తర్వాత నావైపు తిరిగింది. "ఏ చేప?"

"సముద్రం చేప."

"నేను సముద్రమే చూల్లేదు గదనే, ఇంతవరకు."

ఆమె కలశం కేసే చూసింది. కళ్లల్లో నీళ్లు తిరిగాయి గానీ కిందికి రానివ్వలేదు. అప్పుడు నెమ్మదిగా, నాకు దారి చూపిస్తున్నట్టుగా అడిగింది.

"అది మందే గదా పాపా? మందుకైతే మాకు పట్టింపు లేదు. మందే గదా?"

ఓనరు చెప్పిన ఒక్క మాటను ఆమే తెచ్చి నా చేతిలో పెట్టింది. తీసుకుంటే చాలు. కోడలు కూడా తల ఊపింది, అనమ్మా, అను, అన్నట్టు.

"కాదవ్వా," అన్నాను. "మందు కాదు."

"నీ నోరు పాడుగాను! ఒక్కసారన్నా అబద్ధం చెప్పలేవా మే?"

"చెప్పినా అవ్వా. నడిస్తేనే పొడి ఒంటికి పడతాదంటి చూడు, అది అబద్ధం. నీ కాళ్లు బాగైంది నడక వల్లే అని నా అనుమానం."

అవ్వ కలశం పక్కన పెట్టింది. "అంటే, అబద్ధం చెప్పకూడని చోట చెప్పి, చెప్పాల్సిన చోట నిజం చెప్తాండావు. ఏ కాలేజీలో చదివినావే నువ్వు?"

కోడలు ఫక్కున నవ్వి, నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. కొంగులో చేప డబ్బా ఉన్న సంగతి అప్పుడు గుర్తొచ్చి "అయ్యయ్యో" అని బావి దగ్గరికి పరిగెత్తింది.

ఆ సాయంత్రం అవ్వ పూజారిని పిలిపించింది. తెలియక తిన్నదానికి దోషం లేదు, తెలిసినాక మానేస్తే చాలు అన్నాడట ఆయన. అవ్వకు అది చాలలేదు. ఆమె తనే ఒక పరీక్ష పెట్టుకుంది. ఈ రోజు నుంచి పొడి ముట్టదు. పొడి లేకుండానే నడిచి కలశం గుడికి చేర్చగలిగితే, అమ్మవారు ఒప్పుకున్నట్టు. మోకాలు మడత పడిందా, ఒప్పుకోనట్టు, ఇంక జన్మలో ఎత్తదు. మూత తీయని రెండు డబ్బాలు వాపసు పంపింది. నేను వాటిని వెనక రాక్‌లో పెట్టాను. నాకూ ఒక శిక్ష చెప్పి పంపింది. ఆ రోజు నేను ఆమె వెనకాలే గుడి దాకా నడవాలి.

ఆమె అమ్మవారికి పెట్టిన పరీక్ష, నేను నడకకు పెట్టిన పరీక్ష, రెండూ ఒకటే అయ్యాయి. మోకాలు మడత పడితే ఆమెకు కలశం పోతుంది. నాకు నాలుగు నెలల వాదనా పోతుంది, ఆమె ముఖం చూసే ధైర్యమూ పోతుంది.

ఆ పదకొండు రోజులు నేను మందులు సరిగ్గా ఇచ్చానో లేదో భాయ్‌నే అడగాలి. పొద్దున ఎనిమిదిన్నరకు అవ్వ షాపు ముందు నుంచి నడిచిపోయేది. నేను ఆమె అడుగులే చూసేదాన్ని. మూడో రోజు ఎడమ కాలు కొంచెం ఈడ్చినట్టనిపించింది. ఆ పూట నాకు అన్నం సహించలేదు. అయిదో రోజు అసలు రాలేదు. తొమ్మిదయింది, పదయింది. భాయ్‌ని పంపించాను.

తిరిగొచ్చి స్కూటర్ స్టాండ్ వేస్తూ చెప్పాడు. "మన వీధి మొదట్లో పిచ్చికుక్క ఉందంట మేడమ్. ఇంకో వీధి మీంచి చుట్టు తిరిగి పోయింది. మామూలు కంటే రెండింతలు నడిచింది. నువ్వు ముందు నీళ్లు తాగు."

రెప్రజెంటేటివ్ కూడా ఆ వారమే వచ్చాడు. సంగతి విని, "మానేసినా నాలుగు నెలల ఎఫెక్టు బాడీలో ఉంటుంది మేడమ్. ఆమె నడిస్తే అది మాదే" అన్నాడు.

"నడవలేకపోతే?"

"మానేసినందుకు."

ఇట్లాంటి వాదన నాకెందుకు తోచలేదా అని మొదటిసారి ఆ పిల్లవాడి మీద గౌరవం కలిగింది.

దసరా మొదటి రోజు పొద్దున. మేళం ముందు, ఆడవాళ్ల వరస వెనక. పట్టుచీరలు, నెత్తి మీద కలశాలు, మామిడాకులు, కొబ్బరికాయలు. అవ్వ మూడో వరసలో ఉంది. మెడ నిటారుగా ఉంది. రెండు చేతులూ కలశం మీద ఉన్నాయి, అంటే కాలు తడబడితే పట్టుకోవడానికి చెయ్యి లేదు. కోడలు పక్కనే, చేతులు సగం చాపి, గాజుగ్లాసు పక్కన నడిచినట్టు నడుస్తోంది. మిద్దె మీద పోయిన ఏటి కుర్చీ ఖాళీగా ఉంది.

మా షాపు ముందుకు రాగానే తల తిప్పకుండా కేకేసింది. "ఏం మే, దిగు!"

ఓనరే నన్ను కౌంటర్ నుంచి బయటికి తోశాడు. "పోమ్మా, పో. ఆ ఇల్లు మనకాడే ఉండల్లంటే పో." దిగాను. ఆమె వెనక నడిచాను. మొదటి వీధి బాగానే గడిచింది. రెండో వీధిలో నా కుడి మోకాలు పలకడం మొదలుపెట్టింది. ముందు అవ్వ నడుస్తూనే ఉంది. గుడి వీధి ఎత్తుగా ఉంటుంది. ఆ ఎత్తు మొదలయ్యే చోట ఆమె ఒక్క క్షణం ఆగింది. వరస మొత్తం ఆగింది. కోడలి చేతులు ఇంకాస్త ముందుకొచ్చాయి.

అవ్వ ఒక చేత్తో కలశం పట్టుకుని, రెండో చేత్తో కొంగు బొడ్లో దోపుకుని, మళ్లీ ఎత్తెక్కింది.

గుడి మెట్లు ఎక్కేటప్పుడు ఆమె మోకాలు మడత పడలేదనీ, కలశం తనే దించిందనీ, దించాక ఏడ్చిందనీ తర్వాత కోడలు చెప్పింది. నేను చూడలేదు. ఎత్తు మొదలైన చోటే, ఒక గుడ్డల అంగడి మెట్ల మీద, రెండు కాళ్లూ చాపుకుని కూలబడి ఉన్నాను.

భాయ్ నీళ్ల సీసాతో వచ్చాడు. పక్కన కూర్చుని, మేళం చప్పుడు కాస్త దూరమయ్యేదాకా ఆగాడు.

"మేడమ్, వాపసొచ్చిన రెండు డబ్బాలు వెనక రాక్‌లో లేవు."

నేను నీళ్లు తాగుతూ ఉన్నా.

"తాగేసినావా?"

"ఎక్స్‌పైరీ దగ్గర పడింది భాయ్. వేస్ట్ అయితాదని."

"ఎక్స్‌పైరీ వచ్చే సంవత్సరం."

"ఇంట్లో కాళ్లు పట్టేసి లేవలేకపోతాండా. ఏమో, ఒకవేళ పనిచేస్తే అని."

"నడిచినావా మరి? ఆయమ్మకు చెప్పినట్టు?"

షాపులో నిలబడేదాన్ని నాకు నడిచే తీరిక యాడుంది అని ఏదో అన్నాను. భాయ్ గడ్డం నిమురుకుంటూ ఆకాశం కేసి చూశాడు. నవ్వు ఆపుకునేటప్పుడు అతను చేసే పని అది.

ఆమె పొడి మానేసి నడిచింది. నేను పొడి తాగి కూర్చున్నా. దీన్ని పట్టుకుని ఎవరూ రుజువు అనొద్దు. ఒక ముసలామె, ఒక మొండిది. ఇద్దరితో ఏదీ తేలదు. అవ్వ ఇప్పటికీ అమ్మవారి దయ అంటుంది, ఆ పిల్లవాడు మా కంపెనీ దయ అంటాడు, నేను నడక అంటాను. ముగ్గురం ఎవరి చోట వాళ్లం గట్టిగానే ఉన్నాం. ఆ ఇల్లు మాత్రం పక్కషాపుకు పోలేదు. మందుల చీటీతో వచ్చిన ప్రతిసారీ డబ్బాను నాలుగు వైపులా తిప్పి చూపించమని అడిగేది అవ్వ, అంతే.

ఆ నెలలోనే స్టిక్కర్ కొత్తగా అచ్చు వేయించాను. సూర్యుడు, పళ్లెం, చంద్రుడి పక్కన నాలుగో బొమ్మ చేర్చాను. అందులో శాకాహారానికి ఆకుపచ్చ చుక్క ఒకటి, మాంసాహారానికి గోధుమ త్రికోణం ఒకటి. ఏదో ఒకదాని కింద టిక్కు కొట్టాలి. ఆ పని చేయాలంటే డబ్బా తిప్పి చూడక తప్పదు. మీరు ఇప్పుడు అంటిస్తున్నది ఆ స్టిక్కరే. నాలుగో బొమ్మ ఎందుకుందో మీలో ఒక్కరూ అడగలేదు నన్ను.

కొలాజెన్ అడిగినవాళ్లకు మీరేం చెప్పాలో మీకు తెలిసింది. దేంతో చేస్తారో ముందు చెప్పండి. మందు కాదని చెప్పండి. కొందరికి కొంచెం పనిచేస్తే చేయొచ్చు, ఖాయంగా ఎవరూ చెప్పలేరని చెప్పండి. తాగినా తాగకపోయినా నడవమని చెప్పండి. కావాలంటే అప్పుడివ్వండి.

ఇంతా విన్నాక కూడా చివర్లో వాళ్లొకటి అడుగుతారు, నన్నూ అడిగేవాళ్లు. "మీరు వాడినారా మేడమ్?"

వాడినా, రెండు డబ్బాలు అని చెప్పేదాన్ని.

"పనిచేసిందా?"

"గుడ్డల అంగడి మెట్ల దాకా."